నిమ్మకాయకూ నాపరాయికీ పడదు

పిల్లలూ! మీ ఇంట్లో నేల దేనితో చేశారో ఎప్పుడైనా వంగి చూశారా? "నేలంటే నేలే గదా, అందులో చూసేదేమున్నది?" అంటారేమో. మనుషుల్లో లాగే నేలల్లో కూడా చాలా రకాలున్నాయి. ఒకదానికి పడినది ఇంకొకదానికి పడదు. ఈ సంగతి తెలియక మా ఇంట్లో ఒకసారి పెద్ద రభస జరిగింది. అది చెప్పేముందు మా ఊరి మాట కొంచెం చెబుతాను.

మాది నెల్లూరు జిల్లాలో పడమటి దిక్కున ఉన్న వింజమూరు. ఉదయగిరి మాకు పొరుగే. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం ఆ ఉదయగిరి కొండ మీదనే ఉన్నది. మా పాత ఇంట్లో మూడు రకాల నేలలుండేవి. లోపలి గదుల్లో మట్టినేల. పూజగదిలో మా తాత చేయించిన సున్నపు గచ్చు. వీధి వసారాలో కడప నుంచి బండ్ల మీద తెచ్చిన నల్లని నాపబండలు. కర్రనేల మాత్రం లేదు. కర్ర అంటే మాకు గడపలూ, తలుపులూ, ఉయ్యాలబల్లా, అటకా, అంతే.

ఇప్పుడు మీ ఇళ్ళలో సెల్‌ఫోను తెరిస్తే చాలు, "నిమ్మరసం, ఉప్పు, వంటసోడా, వెనిగర్ ఉంటే ఏ నేలైనా అద్దంలా మెరుస్తుంది" అని ఎవరో ఒకరు చెబుతూ ఉంటారు. వంటింటి సరుకులతో ఇల్లు శుభ్రం చెయ్యటం చాలా మంచి పనే. ఖర్చు తక్కువ, ముక్కు మండించే వాసన ఉండదు. అయితే ఆ మాటల్లో "ఏ నేలైనా" అన్నదే నాకు నచ్చదు.

ఇక కథకు వస్తాను. నాకు పదేళ్ళప్పుడు మా అక్క పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివారు తెల్లవారి వస్తారనగా, వసారా బండలు వెలవెలబోయి ఉన్నాయని మా చిన్నాన్నకు తోచింది. కొబ్బరినూనె రాస్తే నాపరాయి నల్లగా నిగనిగలాడుతుందని ఆయనకెవరో చెప్పారు. అరసేరు నూనె తెచ్చి, పాతగుడ్డ ముంచి, రాత్రి పొద్దుపోయేదాకా అన్ని బండలకూ పట్టించాడు. నిజంగానే బండలు చీకటి ఆకాశంలాగా మెరిశాయి. అందరం మెచ్చుకున్నాం.

తెల్లవారుజామున మా అవ్వ కళ్ళాపి చల్లటానికి లేచి వసారాలో కాలు పెట్టింది. అంతే! కాలు సర్రున జారింది. పడుతూ పడుతూ చెయ్యి ఆనించింది గనక తలకు దెబ్బ తగలలేదు గాని, మణికట్టు ఎముక విరిగింది. మగపెళ్ళివారు వచ్చేసరికి అవ్వ పుత్తూరు కట్టుకోసం బయలుదేరి వెళ్ళిపోయింది. మనవరాలి నిశ్చయ తాంబూలాలు ఆమె చూడలేదు. మా చిన్నాన్న ఆ రోజంతా అన్నం తినలేదు.

ఆ నూనె ఎందుకంత పని చేసిందో ఆలోచించండి. మనం నడిచేటప్పుడు పాదానికీ రాతికీ మధ్య ఒరిపిడి ఉంటుంది. ఆ ఒరిపిడే మనల్ని నిలబెడుతుంది. మట్టినేల మీద నూనె పడితే మట్టి పీల్చుకుంటుంది. నాపరాయి అంతగా పీల్చుకోదు. నూనె పైనే పలచని పొరగా నిలిచి, పాదాన్ని రాతికి తగలనివ్వదు. అందుచేత మెరిసే నేల అంతా శుభ్రమైన నేల కాదు. కొన్నిసార్లు ఆ మెరుపే మురికి.

సరే, నూనె వదిలించాలి గదా! మా చిన్నమ్మ నిమ్మకాయలూ ఉప్పూ తీసుకుని కూచున్నది. ఇత్తడి చెంబులు చింతపండుతో తోమితే తళతళలాడుతాయి గదా, రాయి కూడా అట్లాగే అవుతుందని ఆమె అనుకున్నది. సగం నిమ్మచెక్కకు ఉప్పు అద్ది, రెండు బండల మీద బలంగా రుద్ది, కాసేపు నాననిచ్చి కడిగింది. ఆరిన తరువాత చూస్తే నూనె సగం అట్లాగే ఉన్నది. రాయి మాత్రం తెల్లగా, గరుకుగా, బూజు పట్టినట్టు తయారయింది. ఎంత కడిగినా ఆ తెలుపు పోలేదు.

ఎందుకు పోలేదంటే, అది మచ్చ కాదు. రాయే కరిగిపోయింది!

నాపరాయి అనేది సున్నపురాయిలో ఒక రకం. అందులో ముఖ్యమైన పదార్థం కాల్షియం కార్బొనేటు. కోడిగుడ్డు పెంకులోనూ, గవ్వల్లోనూ, ముత్యపు చిప్పల్లోనూ ఉండేది కూడా అదే. దానికి ఆమ్లం, అంటే పులుపు, తగిలితే చాలు, కరిగి బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. సోడాబుడ్డి కొట్టినప్పుడు బుసబుసమని పైకి వచ్చే వాయువు కూడా అదే. నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం ఉన్నది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం. పులిసిన మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం. వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం. వీటిలో ఏది పడినా నునుపు చేసిన రాతి పైపొర తినుకుపోతుంది. గచ్చుకూ ఇదే ప్రమాదం. సున్నం, ఇసుక కలిపి, బెల్లపు నీళ్ళూ కరక్కాయ కషాయమూ పోసి నూరి వేసిన గచ్చులో, సున్నం మెల్లమెల్లగా గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. చలవరాతి నేలా, చలవరాతి ముక్కలు పొదిగిన మొజాయిక్ నేలా ఈ కుటుంబానికి చెందినవే. గ్రానైటూ, పింగాణీ పలకలూ వేరే జాతి. వాటిని నిమ్మకాయ అంతగా ఏమీ చెయ్యలేదు.

మీ ఇంటి నేల ఏ జాతో తెలుసుకోవాలంటే ఒక చిన్న పరీక్ష ఉన్నది. నేల మీద మాత్రం చెయ్యకండి! పని మిగిలిపోయి పెరట్లో పడి ఉన్న రాతిముక్క ఒకటి తీసుకోండి. పెద్దవాళ్ళ చేత దాన్ని కత్తితో గీకించి కొంచెం పొడి రాలనివ్వండి. ఆ పొడి మీద రెండు చుక్కలు నిమ్మరసం వెయ్యండి. నురుగు వస్తే అది సున్నపురాయి కుటుంబం. రాయి ముద్దగా ఉంటే నురుగు నెమ్మదిగా వస్తుంది, కనిపించకపోవచ్చు. పొడి చేస్తే చప్పున వస్తుంది. కోడిగుడ్డు పెంకు ఒకటి గ్లాసెడు వెనిగర్‌లో వేసి రాత్రంతా ఉంచారంటే, తెల్లవారేసరికి పైన పొర మాత్రమే మిగిలి ఉంటుంది.

కథలోకి వద్దాం. మా అవ్వ కట్టు కట్టించుకుని తిరిగివచ్చి, కుక్కిమంచం మీద కూచుని ఆ రెండు బండలూ చూసింది. ఎవరినీ ఏమీ అనలేదు. "పొయ్యిలో బూడిద ఉందా?" అని అడిగింది. ఆమె చెబుతూ ఉంటే మేము చేశాం. బూడిద గుడ్డలో జల్లించి, నూనె ఉన్న బండల మీద పలచగా పరిచాం. ఒక పూట అట్లాగే వదిలేశాం. బూడిద నూనెను పీల్చుకుని ముద్దలు కట్టింది. దాన్ని మెత్తని చీపురుతో ఊడ్చి ఎత్తేశాం. తరువాత గుప్పెడు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, చెంబెడు వేడినీళ్ళలో నానేసి, పిసికి వడకట్టాం. ఆ రసం అరబక్కెట నీళ్ళలో కలిపి, కొబ్బరిపీచుతో రుద్దాం. ఆ తరువాత మంచినీళ్ళతో రెండుసార్లు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాం. రెండు రోజులు ఇట్లా చేస్తే జారుడు పూర్తిగా పోయింది. అవ్వ చెప్పులు లేకుండా నడిచి చూసి, "ఇప్పుడు నేల నన్ను పట్టుకుంటున్నది" అన్నది.

ఆమె ఏ బడికీ పోలేదు. కాని ఆమె చెప్పినదానికి రసాయన శాస్త్రం బాగానే సాక్ష్యం చెబుతుంది. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేటు అనే క్షారం ఉంటుంది. అది నిమ్మకాయకు విరోధి. క్షారం నూనెను కొంచెం కొంచెంగా సబ్బుగా మారుస్తుంది, సున్నపురాతిని మాత్రం కరిగించదు. ఇక కుంకుడుకాయలో సపోనిన్లు ఉంటాయి. సపోనిన్ అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస నూనెను పట్టుకుంటుంది. ఇద్దరు విరోధుల చేతులు కలిపే పెద్దమనిషి లాంటిదన్నమాట! కుంకుడు చెట్టుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'సపిండస్'. లాటిను భాషలో దాని అర్థం 'ఇండియా సబ్బు' అని. ఇప్పుడు మీ ఇళ్ళలో గ్యాసు పొయ్యి గనక బూడిద దొరకదు. బియ్యప్పిండి గాని, శనగపిండి గాని చల్లినా నూనె పీల్చుకుంటుంది. ఒక హెచ్చరిక: కుంకుడు రసం కళ్ళలో పడితే ఎట్లా ఉంటుందో తలంటినాడు మీకు తెలిసే ఉంటుంది. మిగిలిన రసం చేపలున్న కుంటలో పారబొయ్యకండి, చేపలకు అది విషం.

మా ఊళ్ళో కుంకుడుకు మరొక గొప్ప ఉన్నది. మా వైపు బావుల్లో, బోర్లలో నీళ్ళు చవుడు. పప్పు త్వరగా ఉడకదు, సబ్బు నురగదు. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు వాటితో కలిసి తెల్లని తెట్టెగా విరిగిపోతుంది. బట్టల మీదా నేల మీదా జిడ్డుగా మిగిలేది ఆ తెట్టే. కుంకుడు రసం అట్లా విరగదు. కావాలంటే మీరే చూడవచ్చు. రెండు సీసాల్లో బోరు నీళ్ళు పొయ్యండి. ఒకదానిలో సబ్బుముక్క, రెండోదానిలో కుంకుడు రసం వేసి మూత పెట్టి ఊపండి. తరువాత అదే పని వాన నీళ్ళతో చేసి పోల్చి చూడండి.

చవుడు నీళ్ళ వల్ల ఇంకొక చిక్కు కూడా ఉన్నది. నల్లబండ కడిగి అట్లాగే వదిలేస్తే, నీరు ఆవిరైపోయి లవణాలు మిగిలి, తెల్లని మచ్చలు కడతాయి. వాటిని పోగొట్టటానికి మళ్ళీ నిమ్మకాయే వాడమంటారు. బాత్రూములో కుళాయి మీది తెల్లమచ్చకు నిమ్మకాయ బాగా పనిచేస్తుంది, నిజమే. కాని ఆ తెల్లమచ్చలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటు. నాపరాయి కూడా కాల్షియం కార్బొనేటే! ఏది మచ్చో, ఏది రాయో పాపం నిమ్మకాయకు ఎట్లా తెలుస్తుంది? రెంటినీ తింటుంది. దీనికి మందు ఒకటే. తడి ఆరకముందే పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. బిందెలకొద్దీ నీళ్ళు గుమ్మరించి కడగటంకన్నా, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవటం మేలు. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే ఊళ్ళలో ఉన్నవాళ్ళకు ఈ మాట ఎవరూ చెప్పనక్కరలేదు.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. తుడిచే నీళ్ళలో కల్లుప్పు వెయ్యటం ఈ మధ్య చాలామందికి అలవాటయింది. మన జిల్లా తీరాన ఇస్కపల్లి దగ్గర ఉప్పుమడులున్నాయి. ఆ కల్లుప్పు వానాకాలంలో జాడీలో ఎట్లా చెమ్మగిల్లుతుందో మీ అమ్మనడగండి. ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కొంచెం కలిసి ఉంటుంది. అది గాలిలోని తేమను లాక్కుంటుంది. నేల మీద మిగిలితే నేల కూడా అట్లాగే చెమ్మగిల్లి, దుమ్మును అంటించుకుంటుంది. వంటసోడా, వెనిగర్ రెండూ కలిపి పోసే ముచ్చట మరీ విచిత్రం. బుసబుస పొంగుతుంది, చూడటానికి సరదాగానే ఉంటుంది. కాని పొంగు అణిగిన తరువాత క్షారమూ ఆమ్లమూ ఒకదాన్నొకటి చంపుకుని, మిగిలేది ఒకరకం ఉప్పునీళ్ళే. విడివిడిగా ఉన్నప్పుడు వాటికున్న బలం అప్పుడుండదు.

అయితే అన్ని కలయికలూ ఇట్లా నవ్వి ఊరుకోదగినవి కావు. బ్లీచింగు పౌడరులో గాని, బ్లీచింగు ద్రవంలో గాని బాత్రూములు కడిగే ఆసిడ్‌ను ఎన్నడూ కలపకూడదు. వెనిగర్, నిమ్మరసం కూడా కలపకూడదు. కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర్ పట్టణం దగ్గర జర్మను సైన్యం శత్రువుల మీదికి వదిలినది ఈ వాయువునే. తలుపులు మూసిన చిన్న బాత్రూములో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. పిల్లలు ఆ సీసాలు ముట్టుకోనే కూడదు. పెద్దలు కూడా ఒకటి వాడినచోట రెండోది వాడకూడదు.

మట్టినేల గురించి ఒక్క మాట. పేడనీళ్ళతో అలకటం మీలో చాలామంది చూసి ఉండరు. పేడలో గడ్డి పీచులుంటాయి. అవి మట్టిని పట్టి ఉంచి, దుమ్ము లేవకుండా, నెర్రెలు విచ్చకుండా చేస్తాయి. అది చక్కని పనే. పేడ సూక్ష్మక్రిములన్నింటినీ చంపుతుందని కొందరంటారు గాని, ఆ మాట నమ్మి దెబ్బలకు మాత్రం పేడ పెట్టకండి. ధనుర్వాతం కలిగించే క్రిమి మట్టిలోనూ, పశువుల పేడలోనూ ఉంటుంది.

ఇన్ని చెప్పాను గాని, నేలకు అన్నిటికన్నా పెద్ద శత్రువు ఇసుక. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఖనిజాల గట్టితనానికి ఒకటి నుంచి పది దాకా మెట్లు కట్టాడు. మన గోరు రెండున్నర. సున్నపురాయిలోని ఖనిజం మూడు. ఇసుకరేణువు ఏడు! వీధిలోంచి మన కాళ్ళతో వచ్చిన ఇసుక, అడుగు వేసినప్పుడల్లా నాపరాతిని ఆకురాయిలాగా గీస్తుంది. తడిగుడ్డ వేస్తే ఆ ఇసుకను ఇల్లంతా రుద్దినట్టే. అందుకే ముందు చీపురు, తరువాతే గుడ్డ. గుమ్మం ముందు ఒక గోనెపట్టా పరిస్తే సగం పని తప్పుతుంది.

ఇప్పుడు కర్రనేల. మా అక్క కూతురు అమెరికాలో డాలస్ నగరం దగ్గర కాపురముంటున్నది. వాళ్ళ ఇంట్లో నేలంతా ఓక్ అనే గట్టికర్ర పలకలు. మొన్న ఫోను చేసి, "పిన్నీ, ఇక్కడ అందరూ వెనిగర్ నీళ్ళతో తుడుస్తున్నారు, నేనూ అట్లా చెయ్యనా?" అని అడిగింది. మాకు కర్రనేల లేకపోయినా, కర్ర సంగతి బొత్తిగా తెలియకపోలేదు. మా పొరుగున ఉదయగిరిలో కొండకర్రతో గరిటెలూ, చెంచాలూ చెక్కే పనివాళ్ళున్నారు. ఆ చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాటిని కొన్నవాళ్ళు తెలుసుకోవలసినది ఒకటే: నీళ్ళలో నాననివ్వకూడదు, కడిగిన వెంటనే తుడిచి నీడన ఆరబెట్టాలి.

కర్ర ఒకప్పుడు చెట్టు గదా! నీటిని మోసిన సన్నని గొట్టాలు అందులో ఇంకా ఉన్నాయి. అవి తేమను పీల్చి ఉబ్బుతాయి, ఎండితే ముడుచుకుంటాయి. తమాషా ఏమిటంటే, పొడవులో కర్ర నూటికి ఒక వంతు కూడా మారదు. అడ్డంగా మాత్రం బాగా మారుతుంది. పచ్చి ఓక్ పలక పూర్తిగా ఎండేసరికి వెడల్పులో నూటికి ఎనిమిది వంతుల దాకా తగ్గిపోగలదు. మా జిల్లాలో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ ముసురు రోజుల్లో మా వీధి తలుపు ఉబ్బి గడియ పడేది కాదు. ఎండాకాలంలో అదే తలుపు సందుల్లోంచి వీధి కనిపించేది. తలుపుకు ఉబ్బటానికి చోటుంది, నేలపలకకు లేదు. నీళ్ళు పోస్తే పక్కపలకలతో ఒరుసుకుని, అంచులు పైకి లేచి, దొన్నెలాగా వంగుతుంది. ఆవిరితో తుడిచే యంత్రాలు కూడా అందుకే కర్రకు పనికిరావు.

ఇక వెనిగర్ మాట. ఇప్పటి కర్రనేలల మీద సాధారణంగా పాలీయురెథేన్ అనే పారదర్శకమైన పూత ఉంటుంది. మనం తుడిచేది కర్రను కాదు, ఆ పూతను. ఒకటి రెండుసార్లకు ఏమీ కాకపోయినా, రోజూ పులుపు తగిలితే పూత మెరుపు తగ్గుతుంది. అందుచేత, "మెత్తని చీపురుతో ఊడువు. గుడ్డ తడిపి, నీటిచుక్క కారకుండా పిండి, ఒక్కసారి తుడువు. వెంటనే పొడిగుడ్డ వెయ్యి. నేల వేసినవాళ్ళు ఏ ద్రవం వాడమన్నారో కాగితం మీద రాసి ఉంటుంది, అది చదువు" అని చెప్పాను. నూనె మాత్రం రాయవద్దని రెండుసార్లు చెప్పాను. ఎందుకో ఆమెకు వాళ్ళమ్మ ఎప్పుడో చెప్పే ఉంటుంది.

తరువాత ఆమె మరొక ఫిర్యాదు తెచ్చింది. పులిహోర కలుపుతుంటే పసుపు నేల మీద పడి మచ్చయిందట. సబ్బు పెడితే ఎర్రగా మారిందట! మీరైతే భయపడరు గదా? పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుందని మీకు తెలుసు. సున్నమూ సబ్బూ రెండూ క్షారాలే, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. తడిగుడ్డతో సబ్బు తీసేస్తే మళ్ళీ పచ్చబడుతుంది. ఆ పచ్చరంగుకు ఎండంటే గిట్టదు. పసుపు మచ్చపడిన చొక్కా ఎండలో ఆరేస్తే తెల్లబడటం మీరు చూసే ఉంటారు. "ఆ మచ్చ మీద ఎండ పడేటట్టు కిటికీ తెర తీసి ఉంచు" అన్నాను.

మూడు వారాలకు మచ్చ పోయింది. కాని ఎండ పడినంత మేరా కర్ర కూడా రంగు మారి, నేల మీద కిటికీ ఆకారం కనిపిస్తున్నదట. అది దేనితో తుడిస్తే పోతుందని ఇప్పుడు అడుగుతున్నది. దేనితోనూ పోదు, కుర్చీ అటు జరుపుకోమన్నాను.